చట్టమొకటే, గడియారములు రెండు

2024 డిసెంబరు 13 శుక్రవారమునాడు హైదరాబాదు నగరమున నడచిన వ్యవహారమును పాఠకులు మఱచియుండరు. అంతకు తొమ్మిది దినములకు ముందు, 4వ తేది రాత్రి, ఆర్టీసీ చౌరస్తా సమీపమునందలి సంధ్య సినిమాహాలులో 'పుష్ప 2' చిత్రపు ముందస్తు ప్రదర్శనమునకు కథానాయకుడు అల్లు అర్జున్ స్వయముగా వచ్చుటయు, జనము త్రొక్కిసలాడుటయు, అందొక యిల్లాలు ప్రాణములు కోల్పోవుటయు, ఆమె కుమారుడు ప్రాణాపాయ స్థితియందు ఆసుపత్రి పాలగుటయు సంభవించెను. 13వ తేది మధ్యాహ్నము పోలీసులు నటుని ఆతని యింటివద్ద అరెస్టు చేసిరి. నాంపల్లి కోర్టు పదునాలుగు దినముల రిమాండు విధించెను. అదే సాయంకాలము హైకోర్టు నాలుగు వారముల మధ్యంతర జామీను నొసగెను. ఉత్తర్వు ప్రతి వేళకు చేరని కారణమున ఆ రాత్రి ఆతడు చంచల్‌గూడ జైలులో గడపి, మఱునాటి యుదయమున విడుదల యయ్యెను. అరెస్టు, రిమాండు, జామీను, విడుదల, నాలుగు ఘట్టములును ఇరువదినాలుగు గంటలలోపల ముగిసినవి.

ఆ దినమున ఊరూర రెండు మాటలు వినబడినవి. చట్టమునకు అందఱును సమానులేయని ప్రభుత్వమువారు చెప్పిరి. ఎంత పేరుగల నటుడైనను ఠాణాకు రాక తప్పలేదుగదా యని వారి యభిప్రాయము. రెండవ మాట వీథులలోనిది. సామాన్యుడైనచో ఈపాటికి పదునాలుగు దినములును జైలులోనే యుండెడివాడుగదా యని టీకొట్లవద్ద జనులు చెప్పుకొనిరి. ఈ రెండు మాటలును నిజములే. రెండును ఏకకాలమున నిజములగుట యెట్లో విచారించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆ దుర్ఘటనలో ఎవరి బాధ్యత యెంతయో నిర్ణయించుట న్యాయస్థానముల పని. మేమందు జోక్యము చేసికొనము.

మొదటనే యొక మాట స్పష్టము చేయవలసియున్నది. ఆ సాయంకాలము హైకోర్టువారు జామీను నిచ్చుట తప్పని మేము చెప్పుట లేదు. నటుడైనంతమాత్రమున ఆతనికి పౌరునికుండు స్వేచ్ఛ పోదని న్యాయమూర్తిగారు చెప్పినది అక్షరాల సత్యము. పాఱిపోవువాడు కాడు, సాక్ష్యమును చెఱుపునను భయము పోలీసులకున్నచో దానికి షరతులు గలవు, నేరము ఋజువు కాలేదు. అట్టివానిని విచారణకు ముందే చెఱలో నుంచుట శిక్షను ముందుగా విధించుటయే. మా ప్రశ్న వేఱు. ఆ మధ్యాహ్నము 'లంచ్ మోషన్' అను అత్యవసరపు మనవి పద్ధతిని హైకోర్టు తలుపు తెఱవబడినది. సాధారణముగా వరుసక్రమమున రావలసిన దరఖాస్తును, జాగు చేసినచో నష్టము కలుగునని మనవి చేసికొన్న పక్షమున భోజనవిరామానంతరమే విచారించు పద్ధతి యది. పద్ధతి అందఱికిని ఉన్నది. కాని దానిని ఎఱిగిన వకీలు, ఆ క్షణమున ఇతర పనులు మాని నిలువగల వకీలు, ఆ వకీలునకు ఈయవలసిన రుసుము, ఇవి యెందఱికి గలవు? అదే దినమున అదే నాంపల్లిలో రిమాండు పొందిన దొంగతనపు ముద్దాయిలకు ఆ తలుపొకటి యున్నదనియైన తెలిసియుండదు.

విచారణ ఏనాడు జరుగవలెననుట విచారణలో ఏమి తేలవలెననుటకంటె తక్కువ విషయము కాదు. ఈ సంగతి మన పూర్వులకు బాగుగా తెలియును. శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ యంకము చదివినవారికి జ్ఞప్తియందుండును. రాజుగారి బావమఱదియగు శకారుడు న్యాయసభకు వచ్చి తన ఫిర్యాదు వినవలెనని కోరును. నేడు వీలుపడదని న్యాయాధికారి మొదట చెప్పి పంపును. వెంటనే శకారుడు కోపించి, మా బావతో చెప్పి నిన్ను తీసివేయించి మఱియొకని నియమింపజేసెదనని బెదరించును. అంతట న్యాయాధికారి ఆనాడే వ్యవహారము చేపట్టును. తరువాతి కథ యెల్లరెఱిగినదే. ఒకప్పుడు ధనికుడై పిదప దానములచేత పేదవాడైన చారుదత్తుడు చేయని హత్యకు వధ్యస్థానమువఱకు నడువవలసివచ్చెను. ఆ న్యాయాధికారి దుర్మార్గుడని కవి చిత్రింపలేదు. ఆతడు ధర్మభీరువు, కొంత దయాళువు కూడ. కాని కాలము ఎవరి చేతిలోనున్నదో వానికి తీర్పుకూడ సగము చేతిలోనున్నట్లేయని కవి కనిపెట్టెను. నేటి న్యాయమూర్తులను బెదరించు బావమఱదు లుందురని మేమనుట లేదు. బెదరింపు లేకయే అదే ఫలము కలుగు ఏర్పాటు నేడున్నది. దానిని గూర్చియే మా చింత.

పరప్రభుత్వ కాలమున నీ యసమానత దాపరికము లేక బహిరంగముగనే యుండెడిది. ఆగ్రాలో ఫుల్లరను ఇంగ్లీషు ప్లీడరు తన గుఱ్ఱపు సాయీసును కొట్టగా ఆతడు ప్లీహము పగిలి మరణించెను. మేజిస్ట్రేటు విధించిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో నాటి గవర్నరు జనరలగు లిట్టను ప్రభువు సైత మీ తీర్పును నిరసించి వ్రాయవలసివచ్చెనన్నచో దాని వికృతము నూహించుకొనవచ్చును. తెల్లవారిని విచారించు అధికారము జిల్లాలలోని దేశీయ న్యాయాధికారులకు కూడ నుండవలెనని 1883లో ఇల్బర్టు బిల్లు తెచ్చినప్పుడు ఈ దేశమందలి యూరోపియనులు చేసిన అల్లరి చరిత్రప్రసిద్ధము.

కారాగారములలోను భేదమే యుండెడిది. లాహోరు జైలులో 63 దినములు నిరాహారుడై యతీంద్రనాథదాసు 1929 సెప్టెంబరు 13న ప్రాణములు విడిచిన పిదప, 1930లో ప్రభుత్వమువారు ఖైదీలకు ఎ, బి, సి యని మూడు తరగతు లేర్పఱచిరి. తరగతి నిర్ణయమునకు ఆధారము నేరము కాదు. ఖైదీయొక్క సాంఘిక హోదా, చదువు, అలవాటుపడిన జీవనవిధానము. ఒకే ఉప్పుసత్యాగ్రహములో ఒకే శాసనమును ధిక్కరించి ఒకే దినమున శిక్షపడిన యిద్దఱిలో, భూస్వామికొక తరగతియు, ఆతని పొలమున పాలేరుతనము చేసిన దేశభక్తునికి మఱియొక తరగతియు లభింపదగినట్లు నిబంధనలు వ్రాయబడినవి. దేశముకొఱకు చెఱకు పోయినచోట సైతము మంచము, పాత్రలు, ఆహారము అంతస్తునుబట్టియే! స్వరాజ్యము వచ్చిన పిదపను ఈ తరగతుల భేదము ఏదో యొక రూపమున పెక్కు రాష్ట్రముల జైలు నిబంధనలలో చిరకాలము నిలిచియుండెను.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. 14వ అధికరణము చట్టము ముందు సమానత్వమును, చట్టముయొక్క సమాన రక్షణమును ఎల్లరకును వాగ్దానము చేసినది. తెల్లవానికొక న్యాయము, నల్లవానికొక న్యాయము అను లిఖిత భేదము తుడిచివేయబడెను. నేడు ఏ శాసనగ్రంథమున వెదకినను ధనికునకొక సెక్షనును పేదకొక సెక్షనును కానరావు. భేదమునకు గ్రంథములో చోటు లేనప్పుడు అది కచేరీ గుమ్మములవద్ద, గుమాస్తాల బల్లలవద్ద, జైలు తపాలాపెట్టెవద్ద చేరుకొన్నది. వీనిలోనెల్ల ముఖ్యమైనది జామీను.

జామీను ఉత్తర్వు చేతికి వచ్చిన పిదప ఏమి జరుగునో పట్టణవాసులలో చాలమందికి తెలియదు. న్యాయాధికారి ఇద్దఱు జామీనుదారులను చూపుమనును. ఒక్కొక్కరు ఇంత సొమ్మునకు పూచీ వ్రాయవలెను. వారికి ఆస్తి గలదని ఋజువు కావలెను. అనగా ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతపు చీటీయో చూపవలెను. కొన్నిచోట్ల తహసీల్దారు కచేరీనుండి ఆస్తివిలువ ధ్రువపత్రము తెమ్మందురు. అది వచ్చువఱకు వారములు గడచును. శ్రీకాకుళమునుండి వలసవచ్చి హైదరాబాదున తాపీపని చేసికొను వాడొకడు పట్టుబడెననుకొనుడు. వాని బంధువులందఱును పలాసలోనో టెక్కలిలోనో యుందురు. ఇచ్చట వానికి తెలిసినవారు వానివంటి కూలీలే. వారి పేర ఇల్లు లేదు, పాసుపుస్తకము లేదు. కోర్టు ఆవరణలో డబ్బు పుచ్చుకొని జామీను నిలుచు వృత్తివారు కొందఱు తిరుగుచుందురు. వారి కిచ్చుటకును వానివద్ద లేదు. కావున న్యాయమూర్తి విడుదల చేయుమని వ్రాసినను, వాడు విడుదల కాడు.

ఇది మా ఊహాకల్పన కాదు. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మోతీరాం వ్యవహారము సరిగా నిట్టిదే. మధ్యప్రదేశమునకు చెందిన ఆ మోతీరాం తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టువారే వానిని జామీనుపై విడువుమని, షరతులను స్థానిక మేజిస్ట్రేటు నిర్ణయింపవలెనని ఉత్తర్వు చేసిరి. మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ కోరెను. మోతీరాము సోదరుడు జామీనుగా నిలువబోగా, ఆతడును ఆతని ఆస్తియు వేఱొక జిల్లాలో నున్నవను కారణమున తిరస్కరించెను. తాపీపని చేయువానికి నాటి కాలమున పదివేల రూపాయలు! వాడు మరల ఢిల్లీకి మొఱపెట్టుకొనవలసి వచ్చెను. జస్టిస్ కృష్ణయ్యరుగారు తమ తీర్పులో పొరుగు జిల్లా జామీనును నిరాకరించుటను నిశితముగా విమర్శించి, దక్షిణదేశపువాడు ఉత్తరమున పట్టుబడినచో స్థానికుల జామీను ఎక్కడనుండి తేగలడని ప్రశ్నించిరి. తుదకు 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై మేస్త్రీని విడువుమనిరి. తీర్పు ఉత్తమమైనది. అది వెలువడి నలుబదినాలుగేండ్లు దాటినను, స్థానిక జామీనులకై పట్టుపట్టవద్దని సుప్రీంకోర్టువారు 2023లో మరల చెప్పవలసివచ్చెను. ఒకసారి చెప్పినమాట క్రింది కచేరీకి చేరలేదనుటకు వేఱు సాక్ష్యము కావలెనా?

మఱుసటి సంవత్సరమున, అనగా 1979లో, బీహారు జైళ్ళ సంగతి వెల్లడియయ్యెను. దానిని వెలికిదీసినది పత్రికలే యనుట మాకు కొంత సంతోషము. రుస్తుంజీగారు ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో వ్రాసిన వ్యాసములను ఆధారముగా గొని న్యాయవాదిని కపిలా హింగోరాణీగారు సుప్రీంకోర్టునందు పిటిషను వేసిరి. హుస్సైనారా ఖాతూను వ్యవహారమని అది ప్రసిద్ధికెక్కెను. నేరము ఋజువైనచో పడదగిన గరిష్ఠ శిక్షకంటె నెక్కువ కాలము విచారణయే లేక జైలులో గడపినవా రందుండిరి. వారిని విడువుమని కోర్టువారు ఆజ్ఞాపించిరి. త్వరిత విచారణ పౌరుని ప్రాథమిక హక్కులోని భాగమని నాడే తీర్మానమయ్యెను.

నేటి సంఖ్యలు చూతము. జాతీయ నేరగణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022 తుదకు దేశమందలి జైళ్ళలో 5,73,220 మంది ఖైదీలుండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి డెబ్బదియైదుగురు పైచిలుకు, ఏ న్యాయస్థానమును దోషులని యింకను చెప్పనివారు. ఐదేండ్లు దాటి యట్లు పడియున్నవారు పదివేలకు మించిరి. వారిలో అధికసంఖ్యాకులు చదువు తక్కువవారు, వెనుకబడిన కులములవారు, షెడ్యూల్డు కులముల వారు, గిరిజనులు. వీరందఱును నిరపరాధులని మేము చెప్పజాలము. ఎవరు నిరపరాధులో, ఎవరు కారో తేల్చుటకే విచారణ. అది జరుగుటలేదనియే మొఱ.

ఇంతకంటె విస్మయము కలిగించు సంగతి యొకటి గలదు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు పేద ఖైదీల దుఃస్థితిని గూర్చి న్యాయమూర్తుల యెదుటనే హృదయమువిప్పి మాటాడిరి. వెంటనే సుప్రీంకోర్టువారు రాష్ట్రములనుండి లెక్కలు తెప్పించిరి. జామీను మంజూరైనను జైలులోనే యున్నవారు సుమారు 5,000 మంది యని తేలెను. వీరి విషయమున చట్టము తన పని ముగించినది. న్యాయమూర్తి సంతకము పెట్టెను. వకీలు వాదించెను. మిగిలినది డబ్బు లేకుండుట యొక్కటియే. డిసెంబరు 13న హైదరాబాదులో ఒక సాయంకాలమునకు ఒక రాత్రి యడ్డువచ్చెను. ఈ ఐదువేలమందికి ఎన్ని రాత్రు లడ్డువచ్చెనో లెక్కించినవారు లేరు.

ఉత్తర్వు ఆలస్యముగా చేరుట కలవారికిని అప్పుడప్పుడు అనుభవమునకు వచ్చును. 2021 అక్టోబరు 28న బొంబాయి హైకోర్టు హిందీ నటుడు షారుఖ్ ఖాన్ కుమారునికి జామీను నిచ్చెను. మఱునాడు నటీమణి జూహీ చావ్లా స్వయముగా వచ్చి పూచీ నిలిచెను. కాని ఆర్థర్ రోడ్డు జైలు వాకిట జామీను పత్రములు వేయు పెట్టెను సాయంకాలము అయిదున్నరకు మూయుదురు. కాగితము అప్పటికి చేరలేదు. కోటీశ్వరుని పుత్రుడు మఱియొక రాత్రి జైలులోనే గడపెను. మఱుసటి యేడు మే నెలలో దర్యాప్తు సంస్థవారు ఆ యువకునిపై అభియోగమే మోపక విడిచిపెట్టిరి. ఆ తపాలాపెట్టెను గూర్చి దేశమంతయు మాటాడుకొన్నది. అదే సంవత్సరము జూలైలో ఆగ్రా జైలునుండి విడుదల కావలసిన 13 మంది, సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉండియు నాలుగు దినములు లోపలనే యుండిపోయిరి. నేరము జరిగిననాటికి వారందఱును బాలురు. ఆ పదుమువ్వురి పేర్లు ఎవరి నోటను వినబడలేదు. అయినను ఆనాటి ప్రధాన న్యాయమూర్తి, అప్పటి కృష్ణాజిల్లా పొన్నవరమునకు చెందిన జస్టిస్ నూతలపాటి వెంకటరమణగారు తామే స్వయముగా దానిని చేపట్టి, ఉత్తర్వులు విద్యున్మార్గమున జైళ్ళకు నేరుగా పోవునట్టి 'ఫాస్టర్' అను ఏర్పాటును 2022 మార్చి 31న ప్రారంభించిరి. తెలుగువాడొకడు చేసిన యీ పని ఘనముగా చెప్పుకొనదగినది. అయినను రెండేండ్ల పిదప హైదరాబాదులో మరల కాగితము రాత్రికి చేరలేదనుట గమనింపదగును. సుప్రీంకోర్టు కొఱకు వేసిన బాట జిల్లా కచేరీలవఱకు రాలేదు.

పేరుప్రతిష్ఠలు గడియారమును ఎట్లు త్రిప్పునో తెలిసికొనగోరువారు 2020 నవంబరు నెలలో తలోజా జైలును చూడవలెను. బొంబాయి సమీపమునందలి యీ జైలునకు ఆ నెల 8వ తేదిన టెలివిజను సంపాదకుడు అర్ణబ్ గోస్వామి తేబడెను. 9వ తేది హైకోర్టు జామీను నిరాకరించెను. 10వ తేది సుప్రీంకోర్టులో పిటిషను పడెను. 11వ తేది, దీపావళి సెలవులలో, విచారణ జరిగి విడుదల లభించెను. ఒక దినమైనను స్వేచ్ఛను హరించుట ఎక్కువయేయని ఆ నెల 27న కోర్టువారు సవిస్తరమైన తీర్పులో వ్రాసిరి. ఆ సిద్ధాంతముతో మాకు సంపూర్ణమైన యేకీభావము. అదే జైలులో అదే నవంబరున ఎనుబదిమూడేండ్ల స్టాన్ స్వామియను క్రైస్తవ సన్యాసి యుండెను. కంపవాతముచేత ఆతని చేతులు వణకుచుండుటచే లోటాతో నీరు త్రాగలేక, పీల్చుకొనుటకు గొట్టమొకటి యిప్పించుమని నవంబరు 6న కోర్టును వేడుకొనెను. సమాధానము చెప్పుటకు దర్యాప్తు సంస్థవారు ఇరువది దినముల గడువు కోరిరి. జామీను దరఖాస్తు విచారణలో నుండగానే 2021 జూలై 5న ఆసుపత్రిలో ఆతడు కన్నుమూసెను.

ఇద్దఱిపైనను మోపబడిన చట్టములు వేఱు గదా యని న్యాయవేత్త లాక్షేపింతురు. ఆ యాక్షేపణ న్యాయమైనదే. ఒకనిపై సామాన్య శిక్షాస్మృతి, మఱియొకనిపై జామీను మిక్కిలి దుర్లభమగు నిరోధక శాసనము. కాని నీరు త్రాగు గొట్టమునకు ఇరువది దినములని ఏ శాసనములోను వ్రాయలేదు. విచారణ జరుగు తేదిని నిర్ణయించు అధికారము శాసనములో కాక కచేరీలో నున్నది. శాసనము వేఱగుటచే ఆ యధికారము వేఱు రీతిగా నడవవలెనను నియమమేదియు లేదు.

ధనము తీర్పునే తాకిన సందర్భములు లేకపోలేదు. వానిని గూర్చి దేశమంతయు నెఱుగును గావున క్లుప్తముగా చెప్పుదుము. 1999 ఏప్రిలులో ఢిల్లీ నగరమున పలువురి యెదుట జెస్సికా లాల్‌ను తుపాకితో కాల్చి చంపిరి. ముద్దాయి రాజకీయ నాయకుని కుమారుడు. సాక్షులు ఒకరివెంట నొకరు మాట మార్చిరి. 2006 ఫిబ్రవరిలో అందఱును నిర్దోషులుగా విడుదలైరి. పత్రికలలో, వీథులలో ప్రజల యాగ్రహము పెల్లుబికిన పిదప హైకోర్టు అదే సంవత్సరము డిసెంబరులో యావజ్జీవ శిక్ష విధించెను. అదే 1999 జనవరిలో అదే ఢిల్లీలో మాజీ నౌకాదళాధిపతి మనుమడు నడపిన కారు క్రింద ఆఱుగురు మరణించిరి. అందు ముగ్గురు పోలీసులు. ఆ కేసులో సాక్షిని లోబఱచుకొనుటకు యత్నించెనని ఒక ప్రఖ్యాత న్యాయవాదియే కోర్టు ధిక్కారనేరమునకు శిక్షింపబడెను. 2012లో సుప్రీంకోర్టు నేరతీవ్రతను పునరుద్ధరించి, శిక్షను మాత్రము గడపిన కాలమునకు పరిమితము చేసి, 50 లక్షల రూపాయలు కట్టుమని, రెండేండ్లు సంఘసేవ చేయుమని విధించెను. యాబది లక్షలు కట్టలేనివాడైనచో నేమి చేసియుందురో యను సందేహము ఆనాడే కలిగినది. నేటికిని తీరలేదు.

2024 మే 19న పుణేలో పదునేడేండ్ల బాలుడు నడపిన విలువగల కారు ఇద్దఱు యువ యింజనీర్లను బలిగొన్నప్పుడు, కొలది గంటలలోనే జామీను నిచ్చిన బాలనేర మండలివారు రోడ్డు ప్రమాదములను గూర్చి 300 మాటల వ్యాసము వ్రాయుమని షరతు పెట్టిరి. ప్రజాక్షోభమునకు వెఱచి ఆ యుత్తర్వును సవరించిరి. బాలుని రక్తపరీక్షకు మఱియొకరి రక్తము నుంచిరను ఆరోపణపై ఆసుపత్రి వైద్యులే అరెస్టయిరి. బాలునియెడ దయ చూపుట తప్పు కాదు. బాలనేర శాసనము ఉద్దేశించినది ఆ దయనే. ఆగ్రాలోని పదుమువ్వురును ఒకప్పుడు బాలురే గదా! వారిలో నెవ్వరికిని మున్నూరు మాటల వ్యాసముతో సరిపుచ్చలేదు.

జరిమానాల సంగతి యొక్క మాట. వేయి రూపాయల జరిమానా యనగా ఒకనికి ఒకపూట హోటలు ఖర్చు, మఱియొకనికి రెండు మూడు దినముల కూలి. ఫిన్లండు దేశమున 1921 నుండియు నేరస్థుని దినసరి ఆదాయమునుబట్టి జరిమానా విధించు పద్ధతి కలదు. ధనవంతుడు వేగముగా వాహనము నడపినచో లక్షల విలువగల జరిమానా కట్టవలసివచ్చును. ఇది పాశ్చాత్యుల వింతయని మనవారు నవ్వుదురేమో. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున సామాన్యుడు ఒక కార్షాపణము చెల్లింపవలసిన తప్పునకు రాజు వేయి చెల్లింపవలెనని యున్నది. దొంగతనమున తెలిసినవానికి తెలియనివానికంటె హెచ్చు దండన యనియు నందే యున్నది. అదే గ్రంథము మఱియొకచోట బ్రాహ్మణునికి మరణదండన లేదని చెప్పినదనియు దాచనక్కఱలేదు. పూర్వగ్రంథములలో మనకు కావలసిన శ్లోకమును మాత్రమే తీసికొనుట పండితుల కలవాటు. కాని ఎక్కువ కలవాడు ఎక్కువ జవాబుదారి యను నీ యూహ ఈ దేశమునకు క్రొత్త కాదు.

ఇక కీర్తి యెల్లప్పుడును రక్షణమేయనుట సరికాదు. పేరుగలవాడు పట్టుబడినచో టెలివిజనువారు శిక్ష ముందే విధింతురు. పోలీసులకును ప్రసిద్ధుని అరెస్టు చేయుటలో ప్రచారలాభ ముండును. షారుఖ్ ఖాన్ కుమారుడు అభియోగమే లేని నేరమునకు ఇరువదియారు దినములకు పైగా నిర్బంధమున నుండుటకు ఆతని తండ్రి పేరే కారణమనువారు గలరు. ఆ వాదమున కొంత సత్యము గలదు. అయినను కీర్తివలన కలిగిన నష్టమును తొలగించుకొనుటకు ఆ కీర్తియే వకీళ్ళను, పత్రికలను, ప్రజాభిప్రాయమును సమకూర్చును. అనామకునికి మొదటి నష్టమును లేదు, రెండవ లాభమును లేదు. వాడు పట్టుబడినను తెలియదు, విడుదల కాకపోయినను తెలియదు.

కొందఱు మిత్రులు కలవారికి జామీనును కఠినముచేసిన సమానత్వము సిద్ధించునందురు. ఇది మాకు సమ్మతము కాదు. మేస్త్రీ జైలులో మ్రగ్గుచుండగా నటునికూడ నాలుగు దినములు మ్రగ్గనిచ్చుటవలన మేస్త్రీకి ఒరుగునది శూన్యము. డిసెంబరు 13 సాయంకాలము ఒకనికి లభించినది ఎల్లరకును లభింపవలెను. దానికి క్రొత్త శాసనము కూడ నక్కఱలేదు. నేరమునకు గల గరిష్ఠ శిక్షలో సగము గడపిన విచారణ ఖైదీని విడువవచ్చునని పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 436ఎ సెక్షను చేర్చబడినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను పూర్వము ఏ నేరమునకును శిక్షపడనివారికి దానిని మూడవ వంతునకు తగ్గించెను. పాత కేసులకును ఇది వర్తించునని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే చెప్పినది. అయితే ఒకటికంటె నెక్కువ కేసులున్నవానికి ఈ విడుదల లేదని అదే సెక్షను చెప్పుచున్నది. రెండు చిల్లర దొంగతనములు మోపబడిన నిరుపేద దీనిచేత బయటనే నిలిచిపోవుచున్నాడు. శాసనకర్తలు దీనిని మరల పరిశీలించుట అవసరము.

పూచీ సొమ్మునకై కేంద్రప్రభుత్వమువారు 2023లో పేద ఖైదీల సహాయ పథకము నేర్పఱచి, విచారణ ఖైదీకి 40,000 రూపాయలవఱకును, జరిమానా కట్టలేక జైలులోనున్న శిక్షితునికి 25,000 వఱకును ఈయవచ్చుననిరి. ఉద్దేశము మంచిదే. కాని సహాయము పొందుటకు జిల్లా సంఘము సమావేశము కావలెను, నివేదికలు రావలెను. పేదవాని విడుదల మరల ఒక కాగితము మీద, ఒక సమావేశపు తేది మీద ఆధారపడినది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము లిందఱిలోను చదువదగినవి. జామీను ఉత్తర్వు ప్రతిని ఆ దినముననో మఱునాడో జైలు సూపరింటెండెంటుద్వారా ఖైదీకి అందజేయవలెను. ఏడు దినములలో ఖైదీ విడుదల కానిచో సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలుపవలెను. ఆ సంస్థవారు ఖైదీని కలిసి ఆతని ఆర్థికస్థితిని కోర్టునకు నివేదింపవలెను. నెలలోపల జామీనులు సమకూరనిచో షరతులను సడలించు విషయము కోర్టే పరిశీలింపవచ్చును. ఇంతకంటె స్పష్టముగా వ్రాయుట సాధ్యము కాదు. చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, కడప, నెల్లూరు జైళ్ళలో జామీను మంజూరై ఏడు దినములు దాటినవా రెందఱు, వారిని గూర్చి ఎన్ని లేఖలు పోయినవి, ఎందఱి పూచీసొమ్ము తగ్గింపబడినది యను లెక్కను తెలంగాణ, ఆంధ్రప్రదేశ ప్రభుత్వములు నెలనెలకును జైలువారీగ ప్రకటింపవలెనని కోరుచున్నాము. ప్రకటించినచో ఆ లెక్కను ఈ పుటలోనే, సినిమావార్త లుండు చోటికంటె పై భాగమున, ముద్రించుటకు సిద్ధముగా నున్నాము.